పుస్తకం మూసి చెప్పు

అనిల జవాబు పత్రంలో ఒక్క అక్షరం తప్పు లేదు. పాఠ్యపుస్తకంలో ఎలా ఉందో కామాలతో సహా అలాగే దింపింది. లివర్ చేసే పనులన్నీ వరసగా, పేజీన్నర, ఎక్కడా కొట్టివేత లేకుండా. ప్రశ్న మాత్రం కిడ్నీల గురించి.

కామారెడ్డిలోని ఆ ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో నేను ట్యూటర్‌గా చేరి అప్పటికి ఏడాది నిండలేదు. అంతకుముందు హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి వార్డులో నర్సుగా చేశాను. ఆ ఏప్రిల్‌లో మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చాయి. అనాటమీ, ఫిజియాలజీ పేపర్లో మా క్లాసులో సగంమంది తప్పారు. ఎందుకు తప్పారో తెలుసుకోవాలని, అసలు పరీక్షలకు ముందు మేమే కాలేజీలో పెట్టిన పరీక్ష పత్రాలను బీరువాలోంచి తీసి చదువుతుంటే అనిలది కనబడింది.

పిలిపించాను. బీర్కూరు అమ్మాయి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎవరు పిలిచినా ఏదో తప్పు చేసినట్టే వచ్చి నిలబడుతుంది. పత్రం చూపించి, కిడ్నీ అడిగితే లివర్ ఎందుకు రాశావని అడిగాను.

"ఫంక్షన్స్ అని కనవడ్డది మేడం. ఫంక్షన్స్ అంటే నాకు లివర్‌వే వచ్చు."

"సరే, నువ్వు రాసిందే చెప్పు. లివర్ ఏమేం చేస్తది?"

కళ్లు మూసుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగడం లేదు. నేను ఆపి, తెలుగులో చెప్పమన్నాను. కళ్లు తెరిచి నా వైపు చూసింది. మెల్లగా అంది: "తెలుగుల ఎట్ల చెప్తరు మేడం? పుస్తకంల ఇంగ్లీషుల్నే ఉంటది గద."

ఆ మాట పట్టుకుని నేను ప్రిన్సిపాల్ కృష్ణమోహన్ గారి గదికి వెళ్లాను. ఆయన చెడ్డమనిషి కాదు. పిల్లలు గట్టెక్కాలనే ఆయన కోరిక కూడా. జూన్‌లో సప్లిమెంటరీ ఉంది, అందులో కూడా తప్పినవాళ్లను రెండో సంవత్సరంలోకి తీసుకోరు, కాబట్టి గైడులోంచి ముఖ్యమైన ప్రశ్నలు ఏరి జిరాక్సులు పంచేద్దామన్నారు. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలు బట్టీ కొట్టక ఇంకేం చేస్తారన్నారు.

"బట్టీ కొట్టే తప్పిండ్లు సార్," అన్నాను.

ఆయన నా వైపు చూసి, మరి ఏం చేద్దామంటారు అని అడిగారు. చదవడం నేర్పుదామన్నాను. నర్సింగ్ చదివే పిల్లలకు చదవడం నేర్పడమేమిటని ఆయన నవ్వలేదు గానీ, అలాంటి ముఖమే పెట్టారు. పైగా వేసవిలో హాస్టల్ మూసేస్తారు, బోరులో నీళ్లుండవు. పిల్లలను ఎక్కడ ఉంచి నేర్పుతారని అడిగారు. మా ఇంట్లో ఉంచుకుంటానని ఆ క్షణంలోనే అనేశాను. అనేదాకా ఆ సంగతి నాకే తెలియదు.

తప్పినవాళ్లందరినీ కూర్చోబెట్టి, ఇంటిదగ్గర చదువుకోగలిగే వీలు ఎవరికి లేదని అడిగాను. చాలామంది ఏదో ఒకటి చూసుకుంటామని లేచి వెళ్లిపోయారు. ముగ్గురు మిగిలారు. అనిల, రజిత, శ్రీలత. రజితది కామారెడ్డి పక్క ఊరే, కానీ ఇంట్లో బీడీలు చుట్టే అక్కలతో పాటు తనూ చాట ముందు కూర్చోవాల్సిందే. శ్రీలత మిగతా ఇద్దరికంటే పెద్దది. నాగిరెడ్డిపేటలో అత్తగారిల్లు, నాలుగేళ్ల పాప ఉంది, భర్త మస్కట్‌లో పని చేస్తాడు. పాపను చూసుకునేది అత్త దుర్గవ్వ. ఈ ఒక్కసారికి పంపుతున్నా, మళ్లీ తప్పితే చదువు మాట ఎత్తొద్దని ఆమె ఖరాఖండీగా చెప్పిందట.

ఎల్లారెడ్డిలో మాది మూడు గదుల ఇల్లు. పెళ్లయి పద్నాలుగేళ్లయినా ఇంట్లో ఉండేది ముగ్గురమే. నేను, నా భర్త సునీల్‌కుమార్, అత్తమ్మ రుక్మాబాయి. సునీల్ కరెంటు లైన్‌మన్. పొద్దంతా స్తంభాలెక్కి వచ్చి, సాయంత్రం అన్నం తిని టీవీ ముందు కూర్చుంటాడు. అత్తమ్మ ప్రార్థన చేసుకుని పెందలాడే పడుకుంటుంది. మా ఇంట్లో గొడవలు ఉండవు. మాటలూ తక్కువే.

అమ్మాయిల సంగతి చెప్పగానే అత్తమ్మ చేతిలో చాట కింద పెట్టింది.

"ఎండకాలం. మనకే నీళ్లు సాలుతలేవు. పరాయి ఆడివిల్లలు ముగ్గురు. ఎవలకన్న ఏమన్నయితే ఎవలు జవాబు చెప్పాలె?"

న్యాయమైన ప్రశ్నే. సునీల్ టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే, నన్ను వేలితో చూపిస్తూ అన్నాడు: "జవాబు జ్యోతి చెప్తదమ్మ. నీళ్లు నేను తెస్త."

అత్తమ్మ చాట మళ్లీ చేతిలోకి తీసుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మే మొదటి వారంలో ముగ్గురూ వచ్చారు. ఊరి చుట్టూ వడ్ల కోతలు నడుస్తున్నాయి. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉంటే, బస్సు మిగతా సగంలో మెల్లగా వచ్చింది. ముందు గది ఖాళీ చేసి చాపలు పరిచాను. మొదటి మూడు రోజులు నేనేమీ నేర్పలేదు. వాళ్లెలా చదువుతారో ఊరికే చూశాను.

అనిల తెల్లవారకముందే లేచి గోడకు ఆనుకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ పైకి చదివేది. ఒకే పేరా, మళ్లీ అదే పేరా. అత్తమ్మ ప్రార్థన మధ్యలో ఆపి, ఆ పిల్లకు ఏమైనా పట్టిందా అని నన్ను అడిగింది. రజిత రంగు పెన్నుతో గీతలు గీసేది. గీసీ గీసీ పేజీ మొత్తం పసుపు పచ్చగా అయ్యేది, గీయనిది ఒక్క లైను మిగిలేది కాదు. శ్రీలత తీరు వేరు. డిక్షనరీ పక్కన పెట్టుకుని, తెలియని ప్రతి మాటకూ అర్థం వెతికి, ఆ మాట నెత్తి మీద పెన్సిల్‌తో తెలుగులో రాసేది. పొద్దంతా కూర్చుంటే పేజీ దాటేది కాదు. పేజీ చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మరిచిపోయేది. ముగ్గురూ నిజంగా కష్టపడుతున్నారు. ఆ కష్టమంతా ఇసుకలో నీళ్లలా ఇంకిపోతోంది.

నాలుగో రోజు పుస్తకాలన్నీ మూయించాను. కిడ్నీల పాఠం తెరిచి, చదవొద్దు, ఊరికే చూడండి అన్నాను. శీర్షికలు, వాటి కింద చిన్న శీర్షికలు, బొమ్మలు, బొమ్మల కింద మాటలు, పాఠం చివర ప్రశ్నలు. అంతే. తరవాత ఒక్కో శీర్షికను ప్రశ్నగా మార్చమన్నాను. 'కిడ్నీ నిర్మాణం' అని ఉంటే, కిడ్నీ లోపల ఏమేం ఉంటాయి అని. 'మూత్రం తయారీ' అని ఉంటే, మూత్రం ఎక్కడ ఎలా తయారవుతుంది అని. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి మాత్రమే ఒక పేరా చదవాలి. చదివి పుస్తకం మూయాలి. మూసి, తెలుగులో, తన మాటల్లో పక్కవాళ్లకు చెప్పాలి. చెప్పడం వచ్చాకే చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు రాయాలి.

శ్రీలతకు ఇంకో షరతు పెట్టాను. పేజీకి మూడు మాటలే వెతకాలి, మిగతావి దాటిపోవాలి. మొదట ఆమెకు దొంగతనం చేస్తున్నట్టు అనిపించిందట. పెద్ద మాటలను ముక్కలుగా విడగొట్టడం చూపించాను. 'నెఫ్' అని మొదలైతే కిడ్నీ సంగతి, చివర 'ఐటిస్' వస్తే అక్కడేదో వాచి మండుతోందని. ఆమె కాసేపు ఆలోచించి, తన అత్త మోకాళ్ల నొప్పులకు డాక్టరు చీటీ మీద రాసిన ఆర్థ్రైటిస్ కూడా అదేనా అని అడిగింది. ఆ సాయంత్రం పుస్తకం వెనకవైపు పేజీలు తిప్పుకుంటూ ఐటిస్‌లన్నీ ఏరింది. ఆమె ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు.

సెలవుల్లో కూడా, ఇళ్ల నుంచి వచ్చిపోయే రెండో సంవత్సరం పిల్లలకు ఆసుపత్రిలో డ్యూటీలు ఉండేవి. వాళ్లతో పాటు వారంలో సగం రోజులు నేను కామారెడ్డి పోవాల్సిందే. నేను లేనప్పుడు వీళ్లు చెబుతుంటే వినడానికి మనిషి కావాలి. చింతపండు గింజలు తీస్తూ కూర్చున్న అత్తమ్మను అడిగాను. తనకేం అర్థమవుతుందంది. అర్థం కాకపోతే కాలేదని చెప్పు చాలు, అన్నాను. ఆ పనిని ఆమె నేననుకున్నదానికంటే గట్టిగా పట్టుకుంది. రజిత ఒకటికి మూడుసార్లు గుండె గదుల గురించి చెప్పినా, "నాకు సమజ్ గాలే, మళ్ల చెప్పు," అనేదట. రజిత విసుక్కుని, ఆ విసుగులోనే సరిగ్గా చెప్పేసేది. నేను సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆ రోజు ఎవరు ఎక్కడ తడబడ్డారో అత్తమ్మ నాకు పూసగుచ్చినట్టు చెప్పేది. సునీల్ డ్యూటీ నుంచి వస్తూ వస్తూ డ్రమ్ములతో నీళ్లు మోసుకొచ్చేవాడు. టీవీ పెట్టడం ఎప్పుడు మానేశాడో నేను గమనించలేదు.

అనిల మాత్రం కదల్లేదు.

పుస్తకం తెరిచి ఉంటే కళ్లు పరుగెత్తేవి. మూయగానే చెయ్యి మళ్లీ పుస్తకం మీదికే పోయేది. పదో తరగతి, ఇంటర్ అన్నీ ఇలాగే మంచి మార్కులతో దాటింది, ఆ జ్ఞాపకశక్తే ఆమెను ఇంతదాకా తెచ్చింది. ఇప్పుడు దాన్ని పక్కన పెట్టమంటే చేతులు కట్టేసినట్టు ఉండేది. నెలాఖరుకు ముగ్గురికీ ఒక పరీక్ష పెట్టాను. రజితకూ శ్రీలతకూ మార్కులు పెరిగాయి. అనిలకు మునుపటికంటే తగ్గాయి. ఈసారి లివరూ లేదు, కిడ్నీ లేదు. సగం పత్రం ఖాళీ.

"మేడం, నాకు మొదట్లెక్కనే మంచిగుండె," అంది. గొంతులో కోపం లేదు. "గట్లనన్న ఏదో ఒకటి రాస్తుంటి. ఇప్పుడు అది వోయింది, ఇది రాలే."

ఆమె చెప్పింది నిజం. పాత అలవాటు పోయి కొత్తది ఇంకా రాని నడిమధ్యలో ఉంది. వెనక్కి పోతే ఇంకా నష్టమని చెప్పాను. నమ్మినట్టు లేదు. అదే రోజు కృష్ణమోహన్ గారు ఫోన్ చేశారు. జిరాక్సులు తీసుకుపోయిన పిల్లలు అన్ని పాఠాలూ పూర్తి చేశారట, నా ముగ్గురు ఎక్కడిదాకా వచ్చారని అడిగారు. సగం పుస్తకం కూడా కాలేదని చెప్పాను. మీ ఇష్టమమ్మా, అన్నారు. ఫోన్ పెట్టేసి నేను పొయ్యి మీద చల్లారిపోతున్న టీ అలాగే తాగి, పక్క గదిలోకి వెళ్లి, రేపు చదవాల్సిన శీర్షికలు రాసుకోమన్నాను. చేయగలిగింది అదొక్కటే.

అనిల తన తండ్రికి ఫోన్ చేసిందని నాకు తెలియదు.

ఆమె తండ్రి పర్శరాములు రెండు రోజుల తరవాత మధ్యాహ్నం పూట వచ్చాడు. వడ్లు కాంటా వేసి అమ్మేసిన మరునాడట. నిజాంసాగర్ కాలువ కింద ఆయనకు రెండెకరాలు ఉన్నాయి. తెల్ల చొక్కా వేసుకుని, మోటారు సైకిలు గేటు బయటే నిలబెట్టి, పెట్టె కట్టుకోవడానికి తాడు కూడా తెచ్చుకున్నాడు. లోపలికి వచ్చి మంచినీళ్లు తాగాడు. మాట నెమ్మది. అనిలకు చదువు అబ్బడం లేదని తనకు అర్థమైందని, బాన్సువాడలో బావమరిది బట్టల దుకాణంలో పనికి పెడతానని, మేము పడ్డ శ్రమకు దండమని చెప్పాడు. నేను ఏదో చెప్పబోయాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎండల వచ్చినవ్ అన్న. జెరసేపు కూసో. నీ బిడ్డ ఏం చదివిందో ఒకపారి ఇని తీస్కపో," అంది.

ఆయన ఇబ్బందిగా కూర్చున్నాడు. అనిల పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఏదైనా చెప్పమని తండ్రి అడిగాడు. ఆమె కళ్లు మూసుకుని కిడ్నీల మీద ఇంగ్లీషులో ఎత్తుకుంది. రెండు వాక్యాలు కాకముందే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు తెలిసేటట్టు చెప్పు బిడ్డ."

అనిల ఆగిపోయింది. రజిత, శ్రీలత చాప మీద తలలు వంచుకుని కూర్చున్నారు. అనిల గోడకేసి చూసి, తరవాత తండ్రికేసి చూసి, నేల మీద కూర్చుంది.

"కిడ్నీలు రెండుంటయి బాపు. నడుము కాడ, ఎన్కకు. రక్తం మొత్తం వాటిలకెల్లి పోతది. చెడ్డది, ఎక్కువైన నీళ్లు, ఎక్కువైన ఉప్పు బయటికి పంపిస్తయి. మంచిది మళ్ల లోపల్కి తీసుకుంటయి. మనకు పొలంల నీళ్లు ఎక్కువైతే ఒడ్డుకు గండి పెట్టి ఇడుస్తం గద, గట్ల. గానీ కిడ్నీ ఎంత ఇడువాల్నో అంతే ఇడుస్తది."

ఆగి ఆగి చెప్పింది. ఒకచోట మాట దొరక్క చేతులతో చూపించింది. పుస్తకం దగ్గర్లో ఎక్కడా లేదు.

పర్శరాములు తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని, ఒక సంగతి అడిగాడు.

"మీ ఎంకవ్వకు కిడ్నీలు ఖరాబైనయన్నరు. ఎరుకే గద నీకు. కాళ్లు గిన్ని లావు వాచినయి. ఎందుకు వాచినయి?"

ఎంకవ్వ ఆయన తల్లి. మూడేళ్ల కింద పోయింది. ఆ విషయం నాకు ఆ రోజే తెలిసింది.

జవాబు నాకు తెలుసు. నోటి దాకా వచ్చింది. మింగేశాను. అనిల తండ్రి ముఖంలోకి సూటిగా చూసింది.

"నాకు తెల్వదు బాపు," అంది. "ఉండు, చూసి చెప్త."

సర్దిన పెట్టె తెరిచి పుస్తకం తీసింది. ఇదివరకటి అనిల అయితే పాఠం మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టేది. ఇప్పుడు పుస్తకం చివరికి తిప్పి, మాటల పట్టికలో వేలు పెట్టి వెతికింది. వాపుకు ఇంగ్లీషు మాట ఎడీమా అని తెలుసు, ఇంగ్లీషు E కింద చూసింది. లేదు. మళ్లీ చూసింది. లేదు. మా పుస్తకంలో ఆ మాటకు బ్రిటిష్ స్పెల్లింగు, O తో మొదలవుతుంది. చెప్పడానికి రజిత తల ఎత్తితే నేను వద్దని సైగ చేశాను. అనిల పెదవి కొరుక్కుని, పట్టిక వదిలేసి, కిడ్నీ పాఠంలో చిన్న శీర్షికల మీదుగా పోయి, కిడ్నీలు పనిచేయకపోతే అన్న చోట ఆగింది. ఒక పేరా చదివింది. పెదవులు కదలకుండా చదివింది. ఇంకోసారి చదివి పుస్తకం మూసింది.

"కిడ్నీలు ఖరాబైతే ఎక్కువైన నీళ్లను, ఉప్పును బయటికి పంపియ్యలేవు. అవి లోపల, పెయ్యిలనే ఉండిపోతయి. నిలవడితె, కూసుంటె కాళ్లకు దిగుతయి. గందుకే కాళ్లు వాస్తయి."

"నాట్లల్ల నీళ్లల్ల నిలవడ్డందుకు గాదా?"

ఆ గొంతు విని నేను ఆయన వైపు చూడలేకపోయాను.

"ఆ యాడాది నాటేసే కైకిలోళ్లు దొరకలే," అన్నాడు ఆయన, అత్తమ్మతోనో, ఎవరితోనో. "చాతగాదంటుంటే కూడ అవ్వను నాట్లకు నేనే పొమ్మన్న. దినాలు నీళ్లల్లనే నిలవడ్డది. తర్వాత కాళ్లకు నీరు దిగింది. అందరు గదే అన్నరు."

"కాదు బాపు," అంది అనిల. "నీళ్లు బయటికెళ్లి రాలే. లోపల్నే ఉండిపోయినయి. అవ్వ నాట్లకు పోకున్నా వాచేటివే."

"పుస్తకంల గట్లనే ఉన్నదా?"

"గట్లనే ఉన్నది."

ఆయన తల ఊపాడు. తలపాగా మళ్లీ చుట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. అత్తమ్మ లేచి అన్నం వడ్డించింది. వద్దనకుండా తిన్నాడు. చేయి కడుక్కుని వచ్చి, పరీక్ష ఎప్పుడని నన్ను అడిగాడు. జూన్ మూడో వారంలో అన్నాను. అయితే ఆ రోజు కామారెడ్డికి వస్తానని చెప్పి, తాడు చంకలో పెట్టుకుని బండెక్కాడు. అనిల గేటు దాకా వెళ్లి వచ్చి పెట్టె లోపల పెట్టి, రజిత పక్కన కూర్చుని, ఎక్కడున్నరు మీరు అని అడిగింది.

ఆ తరవాతి వారాలు వేగంగా గడిచాయి. అనిల ఒక్కసారిగా మారిపోయిందని చెప్పను. పరీక్షలు దగ్గరపడ్డాక కూడా భయం వేస్తే గోడకు ఆనుకుని ఊగడం మొదలుపెట్టేది. అప్పుడు శ్రీలత వెళ్లి ఆమె ముందు కూర్చుని పుస్తకం మూసేసేది. పాఠాలన్నీ పూర్తి కాలేదు. పూర్తికాని వాటిని ఏం చేయాలో కూడా కూర్చుని అనుకున్నాం. బొమ్మలు, శీర్షికలు, చివరి ప్రశ్నలు చూసుకుని వెళ్దాం, తెలిసినంత తెలిసినట్టే రాద్దాం అని. మొదటి వాన పడ్డ రోజు ముగ్గురూ వాకిట్లోకి పరుగెత్తి తడిశారు. అత్తమ్మ తిట్టింది, తువ్వాళ్లు తెచ్చి ఇచ్చింది.

పరీక్ష రోజు సునీల్ సెలవు పెట్టి మాతో పాటు మొదటి బస్సెక్కాడు. పర్శరాములు మాకంటే ముందే వచ్చి కాలేజీ గేటు పక్కన నిలబడి ఉన్నాడు. పిల్లలు లోపలికి వెళ్లాక మేం ముగ్గురం చెట్టు నీడన కూర్చున్నాం. ఆయనా సునీలూ వానల గురించి, మోటార్లకు కరెంటు ఎన్ని గంటలు వస్తుందో దాని గురించి మాట్లాడుకున్నారు. నేను గేటు వైపే చూస్తూ కూర్చున్నాను. బయటికి వచ్చిన అనిల పేపరు చూపించి, ఏ ప్రశ్న ఏమడిగిందో ఒక్కొక్కటే నాకు చెప్పింది. ఎలా రాశావని అడగలేదు నేను.

ఫలితాలు జూలైలో వచ్చాయి. కృష్ణమోహన్ గారే ఫోన్ చేసి చెప్పారు. అనిల, రజిత పాసయ్యారు. మంచి మార్కులేమీ కావు, కానీ పాసే. జిరాక్సులు చదివిన వాళ్లలో కొందరు దాటారు, ఎక్కువమంది దాటలేదు. శ్రీలత కొద్ది మార్కులతో తప్పింది. ఆ మాట చెప్పాక ఆయన ఇంకొకటి కూడా అన్నారు. వచ్చే నెల నుంచి మధ్యాహ్నాలు ఒక గంట ఈ చదువు పద్ధతికి టైంటేబుల్లో పెడతానని, తప్పిన పిల్లలు కూడా వచ్చి కూర్చోవచ్చని. సంతోషించాల్సిన మాటే. నా మనసు మాత్రం నాగిరెడ్డిపేట మీదే ఉంది. ముగ్గురిలోకీ బాగా అర్థం చేసుకున్నది శ్రీలతే. ఆమెను దుర్గవ్వ ఇక పంపదు.

మరునాడే బస్సెక్కాను. అత్తమ్మ కూడా వస్తానంది గానీ బురద, వద్దన్నాను. పోచారం చెరువు కింద పొలాలన్నీ నాట్లతో పచ్చబడుతున్నాయి. ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటివాళ్లు చూపించిన పొలానికి గట్టు మీద నడుచుకుంటూ వెళ్లాను. ఏడెనిమిది మంది ఆడవాళ్లు వరసగా వంగి నాటు వేస్తున్నారు. శ్రీలత నన్ను చూసి, చేతిలో నారు కట్ట పక్కన పెట్టి, కాలువలో చేతులు కడుక్కుని గట్టెక్కింది. నేను దారంతా కూర్చుకున్న ఓదార్పు మాటల్లో మొదటిది మొదలుపెట్టాను.

"ఎక్కడ వోయిందో నాకెరుకే మేడం," అంది ఆమె. "మొదటి ప్రశ్న గుండెల రక్తం ఎట్ల తిరుగుతదని ఇచ్చిండ్లు. మొత్తం ఎరుకే గద, రాస్తనే ఉన్న. బొమ్మ ఏసిన. బాణాలు పెట్టిన. రాస్తుంటే ఇంకా రాయబుద్ధయింది. బడిల గూడ నాకు ఎన్నడు గంతగనం రాయొచ్చింది లేదు. తల ఎత్తి చూసేసరికి టైం అయిపోవట్టింది. చివరి రెండు ప్రశ్నలు ముట్టనే లేదు."

చెబుతుంటే ఆమెకే నవ్వు వచ్చింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టైము చూసుకుంటూ రాయడం నేను నేర్పలేదు కదా అన్నాను. ఈసారి అది నేర్పండి అంది.

దుర్గవ్వ వరస చివర నుంచి నడుము పట్టుకుని లేచి మా దగ్గరికి వచ్చింది. నేను ఆమెతో ఎలా మాట్లాడాలా అని చూస్తున్నాను. ఆమే అడిగింది, మళ్లీ పరీక్ష ఎప్పుడుంటుందని. చెప్పాను.

"పొద్దుగాల లేస్తే పొయ్యి కాడ గూడ గా పాఠాలే చెప్తది," అంది దుర్గవ్వ. "మనుమరాలికి గూడ చెప్తది. ఫెయిలైన మనిషి ఏడ్వాలె గద మేడం. ఇది చూడు, మిగిలిన పాఠాలు చదువుకుంటుంది. దీన్ని నేను యాడ ఆపుత? నాట్లు కానియ్. తర్వాత పంపుత."

ఎప్పటికవుతాయని శ్రీలతను అడిగాను. ఆమె పొలంలో మిగిలిన మడుల వైపు చూసి లెక్క వేసుకుంది.

"ఆదివారం దాకా అయితయి. సోమారం మొదటి బస్సుకు వస్త," అని చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని మళ్లీ మడిలోకి దిగింది.